అక్క అడగకూడని మాట

అనివా ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా సవాయి దీవిలో ఎవరూ లేరు. చర్చిలో పాస్టరు గారి ప్రసంగం సాగినంతసేపూ ఆమె కుడికాలు ఆడుతూనే ఉంటుంది. ఆ బల్ల మీద ఇంకెవరు కూర్చున్నా వాళ్లకీ ఊగక తప్పదు. భోజనానికి పిలిస్తే సగంలో లేస్తుంది. పెళ్లికి పిలిస్తే పాటలు మొదలుకాక ముందే మాయమవుతుంది. "ఆ కాలికేదైనా మందు రాసుకోరాదుటే" అని ఆమె ఈడు ఆడవాళ్లు ఏడిపిస్తే, "రాసుకుంటాను గానీ, మింగే తీరికేదీ?" అని పిక్‌అప్ బండి తలుపు దబాలున వేసుకుని వెళ్లిపోతుంది.

తీరిక లేదన్నది నిజమే. మనసు జబ్బులు చూసే పెద్ద డాక్టరు గారు సముద్రానికి అవతల రాజధాని ఆపియాలో ఉంటారు. ఆయన మా దీవికి ఎప్పుడో తప్ప రారు, వచ్చినా సాయంత్రం ఓడకు తిరిగి వెళ్లిపోతారు. మిగిలిన రోజులన్నీ అనివావే. ఆమె నర్సే, కానీ మామూలు నర్సు కాదు. దూరదేశంలో ఆక్లండ్ ఆసుపత్రి వార్డుల్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ పైన మళ్లీ పుస్తకాలు పట్టి, జబ్బేమిటో తేల్చడానికీ, మందు రాయడానికీ, మోతాదు పెంచి తగ్గించడానికీ అధికారం తెచ్చుకున్న నర్సు. "డాక్టరువి కాదు గదా, మందెలా రాస్తావే?" అని ఒక ముసలమ్మ నిలదీస్తే "చేత్తోనే" అందట. ఆ ముసలమ్మ ఇప్పటికీ అనివా రాసిన మాత్రలే వేసుకుంటుంది, ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది.

మొగుడు పోయాక చాప మీంచి లేవని మనిషిని లేపాలన్నా, చెవిలో ఎవరో తిడుతున్నారని కొబ్బరితోటలో దాక్కున్న పిల్లను ఇంటికి తేవాలన్నా ఆమెకు ఒకటే పద్ధతి. "మనకు వార్డు లేదు. కుటుంబమే మన వార్డు" అంటుంది. ఇంటిల్లిపాదినీ చుట్టూ కూర్చోబెట్టుకుని అందరి ముందూ మాట్లాడుతుంది. మా ఇళ్లకు స్తంభాలూ పైకప్పూ తప్ప గోడలు ఎలాగూ ఉండవు. దాచుకుందామన్నా మాట దాగదు. ఈ పద్ధతి ఆమెకు చాలాసార్లు పనికొచ్చింది. అందుకే దాని మీద ఆమెకు అంత నమ్మకం, నమ్మకంతో పాటు కాస్త గర్వం.

పని తన చేతి మీదుగా జరిగితేనే జరిగినట్టు అన్నది ఆమెకున్న ఇంకో జబ్బు. ఆమె కింద సెఫో అని మగ నర్సు ఒకడు ఉన్నాడు. లావుపాటి మనిషి, నెమ్మది మనిషి, ప్రతిదానికీ నవ్వుతాడు. చదువులో తక్కువవాడేమీ కాదు. అయినా బండి నడపడం, ఇంజక్షన్ల డబ్బా మోయడం, కుక్కల్ని అదిలించడం తప్ప అతనికి ఆమె దక్కనిచ్చింది లేదు. అతను ఏ రోగితోనైనా నోరు విప్పబోతే, రెండో మాట ఆమే అందుకునేది. సెఫో నవ్వి ఊరుకునేవాడు.

పెసమినో విషయంలో అయితే సెఫోని దగ్గరికే రానివ్వలేదు. పెసమినో ఆమె చిన్నాన్న కొడుకు, అంటే తమ్ముడు. పెళ్లికి ముందు ఒకసారి, పగడపు దిబ్బ మీంచి ఎవరో తనను పేరు పెట్టి పిలుస్తున్నారని రోజుల తరబడి ఒడ్డునే తిరిగాడు. అప్పుడు అతన్ని మామూలు మనిషిని చేసింది అనివాయే. మాత్రలు పడ్డాయి, పిలుపు ఆగింది. లూసియాని పెళ్లి చేసుకున్నాడు, దోనె చెక్కుకున్నాడు, చేమదుంపలు నాటాడు. వానాకాలంలో ఆ పిలుపు మళ్లీ సన్నగా మొదలైందని తెలిసి అనివా మోతాదు రెట్టింపు చేసింది. "సొంత రక్తం. నాకు చెప్పుకోక ఇంకెవరికి చెప్పుకుంటాడు?" అని ఆమె ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

*

ఒక ఆదివారం సాయంత్రం ఊళ్లో శంఖం ఊదారు. ఆ శంఖం వినిపించాక ప్రార్థన ముగిసేదాకా మా ఊళ్లో రోడ్డు మీద కోడి కూడా తిరగదు. సరిగ్గా ఆ వేళకు పెసమినో మచ్చుకత్తి పట్టుకుని, సముద్రం వైపు చూసి అరుస్తూ, ఊరి నడిమధ్యగా నడిచాడు. దారిలో పాస్టరు గారి అరటిచెట్లను నరికాడు. అడ్డుపడిన కుర్రాళ్లను ఏమీ అనలేదు గానీ, కత్తి మాత్రం కింద పెట్టలేదు. చివరికి లూసియా వెళ్లి చేయి పట్టుకుంటే, చిన్నపిల్లాడిలా ఆమె వెంట ఇంటికొచ్చాడు.

మర్నాడు ఊరి పెద్దలు కూర్చున్నారు. ప్రార్థనవేళను చెడగొట్టడం చిన్న తప్పు కాదు, చేతిలో కత్తి ఉండగా చేయడం మరీను. వాళ్లు తేల్చిన మాట ఒకటే. శనివారం ఓడలో అతన్ని ఆపియా పంపించేయాలి. ఎప్పుడు తిరిగి రావచ్చో తరవాత చూద్దాం. ఆ కుటుంబానికి పెద్ద తుయిలంగి గారు, అనివాకు సొంత పెదనాన్న. ఆయన సభలో తల వంచుకుని ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు?

బుధవారం పొద్దున్నే అనివా బండి పెసమినో ఇంటి ముందు ఆగింది. ఆ బండి చప్పుడు వినగానే అతను ఎప్పటిలాగే చొక్కా తొడుక్కుని, రేడియో కట్టేసి, ఆమెకు మంచి చాప పరిచి, తను అంచున కూర్చున్నాడు. మా దగ్గర అక్క వస్తే తమ్ముడు అలాగే కూర్చుంటాడు. సెఫో బండి దగ్గరే ఆగిపోయాడు.

"నిద్ర పడుతోందా?"

"పడుతోందక్కా."

"ఎవరైనా పిలుస్తున్నట్టు వినబడుతోందా?"

"లేదక్కా."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఆఁ, వేసుకుంటున్నానక్కా." అతను చాప అల్లిక మీద వేలితో గీతలు గీస్తున్నాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. చూసిన ఎవరికైనా తెలుస్తుంది, ఆ మనిషికి నిద్ర పట్టి చాలా రోజులైందని.

"మరి ఆదివారం ఏమిటది?"

"తప్పైపోయిందక్కా."

గట్టిగా అడిగితే మరింత మెత్తగా చెప్పాడు, మెత్తగా అడిగితే అసలు నోరే మెదపలేదు. వెనక వంటపాకలో లూసియా గిన్నె ఒకటి విసురుగా కింద పెట్టింది. అనివా లేచి అక్కడికి పోయింది.

"మాత్రలు మానేశాడు కదూ?"

"నన్నడుగుతారేం వదినా? ఆయన్నే అడగండి."

"అడిగితే అంతా బాగుందంటాడు."

"అయితే బాగుందేమో. మీకన్నా మాకెక్కువ తెలుసా? మందు రెట్టింపు చేసింది మీరే. దాంతో ఈ ఇంట్లో ఏం జరుగుతోందో కూడా మీకే తెలిసుండాలి." అని లూసియా కొబ్బరి తురుముతూ ఉన్నట్టుండి ఏడ్చేసింది. ఏడుస్తూనే తురిమింది. "నిన్న పొద్దున ఏమన్నాడో తెలుసా? నన్ను ఆ ఓడ ఎక్కిస్తే సగం దారిలో దిగిపోతాను అన్నాడు. సముద్రం మధ్యలో ఎక్కడ దిగుతారు వదినా మనుషులు?"

 పంపకపోతే ఊరు ఊరుకోదు. పంపితే తమ్ముడు దక్కడు. మధ్యలో ఉన్నవి రెండు రోజులు. జబ్బు ఎక్కడ తిరగబెట్టిందో, మాత్రలు ఎందుకు మానేశాడో తెలిస్తే చేయగలిగింది ఉంది. తెలిసే దారే లేదు. "ఎందుకు మానేశాడు లూసియా?" అని మళ్లీ అడిగింది. లూసియా తల అడ్డంగా ఊపింది. "మీతో చెప్పుకునేవి కావు వదినా" అని మొహం తిప్పేసుకుంది.

*

మధ్యాహ్నం క్లినిక్ వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఆపియాకు ఫోను చేసింది. డాక్టరు గారు మంచివారు, ఆమె మాటంటే గురి ఉన్నవారు. అంతా విన్నారు.

"నువ్వేం చేద్దామంటే అదే చేద్దాం అనివా. శనివారం వస్తే మంచం సిద్ధంగా ఉంచుతాను. రాకుండా చూసుకోగలిగితే ఇంకా మంచిది. ఇంతకీ మోతాదు పెంచాక వేరే ఇబ్బందులేమైనా వచ్చాయా?"

"ఏం లేవు."

"అన్నీ అడిగావా?"

"అన్నీ అడిగానండీ. వణుకు, బరువు, మత్తు, అన్నీ."

"మరి ఆ ఇంకోటి? మగవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే అడగాలి అని నువ్వే కదా మా కుర్ర నర్సులకు పాఠం చెప్పావు. నువ్వు మర్చిపోయుంటావని కాదులే..."

అనివా నడక ఆగింది.  ఏదో చెప్పి ఫోను పెట్టేసి, బండెక్కి, ఎటు పోతున్నదీ తెలియకుండా నల్లరాతి మైదానం దాకా పోయింది. ఎప్పుడో కొండ కక్కిన నిప్పు గడ్డకట్టిన చోటు అది. అక్కడ బండి ఆపి, దిగి, ఎక్కి, మళ్లీ దిగింది.

ఆ మాత్రకు ఆ గుణం ఉంది. మోతాదు పెరిగితే కొందరు మగవాళ్లకు పడకలో ఒళ్లు సహకరించదు. అది ఆమెకు కంఠతా వచ్చు. మందు వేసుకునే ప్రతి మగవాడినీ ఆమె మొహం మీదే అడుగుతుంది, "పెళ్లాం దగ్గర ఎలా ఉంటోంది?" అని. పోలీసును అడిగింది. బడి హెడ్మాస్టరును అడిగింది. ఒకసారి చర్చి పాట నాయకుణ్ణి అడిగితే ఆయన చేతిలో ఉన్న కోకో చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఒక్క పెసమినోని మాత్రం అడగలేదు. మర్చిపోయి కాదు. ఆ మాట ఆమె నోటిదాకా ఏనాడూ రానే లేదు. రేడియోలో కాస్త కొంటె పాట వస్తే అక్క వింటుందని కట్టేసే తమ్ముడు అతను. ఆ పాట రాబోతోందని తెలిసి ముందే లేచిపోయే అక్క తను. అతను చెప్పడు, ఆమె అడగదు, మొగుడి అక్కకు లూసియా చెప్పుకోలేదు. ఊళ్లో ఆడవాళ్లేమో "ఇంకా కడుపు పండలేదేమే?" అని ఆ పిల్లను రేవులో గుచ్చి గుచ్చి చంపుతున్నారు.

సొంత రక్తం అని దగ్గరికి తీసుకుంది. ఆ రక్తసంబంధమే అతని నోరు నొక్కేసింది. ఇంకెవరి చేతిలో ఉన్నా అతను ఎప్పుడో చెప్పుకుని బాగుపడేవాడు. ఆక్లండ్‌లో నేర్చుకున్న చదువంతా ఏమైపోయిందని ఆమె తన తల మీద తనే మొట్టుకుంది. సిగ్గేసింది, భయమేసింది, తమ్ముడి మీద చెప్పలేనంత జాలి వేసింది. ఇప్పుడు పోయి అడిగితే? అడగొచ్చు. అడిగిన మరుక్షణం అతను ఆ సిగ్గుతో ఓడ దాకా కూడా ఆగడు.

*

గురువారం తెల్లారగానే సెఫో ఇంటికెళ్లింది. అతను సీమపనస ముక్కలు కొబ్బరిపాలలో ముంచుకుని తింటున్నాడు.

"పెసమినోతో నువ్వు మాట్లాడాలి" అంది.

సెఫో వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనైనా అంటోందేమో అని. "నేనా? నా చేతికి డబ్బా తప్ప మనిషినిచ్చారా మేడం ఎప్పుడైనా?"

"దెప్పుళ్లు తరవాత. విను." అని ఏది ముందు అడగాలో, ఏది వెనక అడగాలో, మధ్యలో ఎక్కడ ఊరుకోవాలో వరసగా చెప్పుకుపోయింది. చెప్పాల్సిన ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆగి, "ఆ ఇంకోటి కూడా" అంది.

సెఫో ఆమె మొహంకేసి కాసేపు చూశాడు. నవ్వలేదు. అర్థమైంది.

"మేడం, మీరు చెప్పినవన్నీ అడిగితే చేపలు కూడా పారిపోతాయి. నేను ఆయన దోనె ఎక్కి వేటకు పోతాను. అక్కడైతే ఎవరి చెవినా పడదు. ఒక షరతు. ఆయన నాతో ఏం చెప్పాడో మీకు చెప్పను. అలా మాటిస్తేనే ఆయన నోరు విప్పుతాడు."

"నాకు చెప్పకపోతే మందెలా రాయనూ? ఈ దీవిలో సంతకం పెట్టేది నేనొక్కదాన్నేరా!"

"మార్చాలో వద్దో చెబుతాను. ఎందుకన్నది చెప్పను."

"చచ్చిపోవాలని ఉందా లేదా అన్నది మాత్రం నాకు తెలియాలి."

"అది చెబుతాను. అది ఆయనకూ ముందే చెబుతాను, మీ అక్కకు ఇదొక్కటీ చెబుతానని." సెఫో చేయి కడుక్కున్నాడు. "కాస్త నమ్మండి మేడం. నేనూ పరీక్ష పాసయినవాణ్ణే."

దోనె నీళ్లలోకి దిగింది. ఇద్దరు మగవాళ్లూ తెడ్లు వేసుకుంటూ దిబ్బ దాకా పోయి, అక్కడ ఆగి గాలాలు వేశారు. ఒడ్డున అనివా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. బండి తలుపులు తుడిచింది. ఇంజక్షన్ల డబ్బా సర్దింది, మళ్లీ తీసి సర్దింది. ఆపైన పెసమినో చేమతోటలోకి దిగి కలుపు పీకడం మొదలుపెట్టింది.

లూసియా పరుగెత్తుకొచ్చింది. "వదినా, వదినా! అది కలుపు కాదు, పిలక! నిన్నగాక మొన్న నాటాం!"

అనివా చేతిలో ఉన్నదాన్ని చూసుకుంది. పీకిన పిలకలు పక్కన కుప్పగా ఉన్నాయి. లూసియా ఒక్కొక్కటీ తిరిగి మట్టిలో గుచ్చుతుంటే, "నేను ముట్టుకున్నదల్లా ఇలాగే అవుతోంది" అంది అనివా. ఆమె నోట అలాంటి మాట లూసియా ఎప్పుడూ వినలేదు. ఇంకో పిలక గుచ్చుతూ, "బతుకుతాయి లెండి, తడి ఉందిగా" అంది.

ఇద్దరూ ఒడ్డున కూర్చున్నారు. దూరంగా దోనె నల్లగా కదులుతోంది. ఒకసారి పెసమినో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఇక్కణ్ణించి తెలియదు. సెఫో కదలకుండా కూర్చున్నాడు. పోటు మొదలైంది. దోనె రాదే! అనివా లేచి నీళ్లలోకి నడిచింది, మోకాళ్ల దాకా. ఇంకో రెండడుగులు వేయబోతుంటే వెనక నుంచి లూసియా ఆమె నడుముకు చుట్టుకున్న లుంగీ అంచు పట్టి లాగింది.

"రండి వదినా, వచ్చి కూర్చోండి. ఈ పూటకు ఆయన మీ రోగి కాదు. నా మొగుడు."

కోపంతో అన్న మాట కాదు. అయినా చెంప మీద పడ్డట్టే పడింది. అనివా వెనక్కి వచ్చి కూర్చుంది. కుడికాలు ఇసకలో గుంట తవ్వుతూనే ఉంది.

దోనె వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పెసమినో చేపల గుత్తి పట్టుకుని, తల వంచుకుని, అక్క పక్కనుంచే ఇంట్లోకి పోయాడు. మొహం వాచి ఉంది, కానీ నడకలో ఆ తూలుడు లేదు. సెఫో మెడంతా ఎండకు కమిలిపోయింది.

"మందు మార్చాలి మేడం. పాతది మానేసి చాలా కాలమైంది."

"ఇంకా?"

"ఆదివారం సముద్రంలోకి పోదామనే బయల్దేరాడట. పిలిచేవాళ్లతో పోట్లాడాలో వాళ్ల వెంట పోవాలో తెలియలేదట. ఇప్పుడు చావాలని లేదు. ఇల్లు వదలాలని లేదు. మళ్లీ అలాంటి ఆలోచన వస్తే వెంటనే చెబుతానన్నాడు." సెఫో కమిలిన మెడ తుడుచుకున్నాడు. "నాకు, మేడం. మీకు కాదు."

అనివా అడగాల్సిన ప్రశ్నలు నాలుక మీద గుంపుగా నిలబడ్డాయి. ఒక్కటీ అడగలేదు. బండి ఇంజను మూత మీద కాగితం పెట్టి, ఆ ఇబ్బంది తక్కువగా ఉండే మందు రాసి, సంతకం చేసింది. మాత్రలు లూసియా దగ్గర ఉంటాయి. మచ్చుకత్తి తుయిలంగి గారింటికి పోతుంది. సెఫో రోజూ వస్తాడు. డాక్టరు గారితో ఫోనులో సెఫోయే మాట్లాడాడు, ఆమె చెవులు మూసుకున్నట్టు అవతలికి పోయి నిలబడింది.

*

శుక్రవారం పొద్దున తుయిలంగి గారి ఎదుట కూర్చుంది. మర్నాడు ఓడ. ఆలోగా పెద్దలు మరోసారి కూర్చోవాలంటే ఆయన అడగాలి.

"అడుగుతాను తల్లీ. కానీ సోమవారానికీ ఇవాళ్టికీ ఏం మారిందంటే ఏం చెప్పను?"

"మందు మారింది పెదనాన్నా."

"ఎందుకు మారింది? మొన్నటి మందు మంచిదని నువ్వే అన్నావు గదా."

"అది నేను చెప్పలేను."

"రాసింది నువ్వు. చెప్పలేకపోవడమేమిటి?" ఆయన గొంతు లేచింది. "సభలో నా మాట పోతుంది. ఊరు నన్ను చూసి నవ్వుతుంది!"

"పెదనాన్నా, వాడికి నేను అక్కని."

ఆయన ఇంకేదో అనబోయి ఆగారు. విసనకర్రతో రెండుసార్లు విసురుకున్నారు. మాట మెల్లగా లోపలికి దిగింది. "ఓహో" అన్నారు. కాసేపటికి మళ్లీ, ఇంకా చిన్నగా, "ఓహో" అన్నారు. ఆ తరవాత ఆమె మొహంకేసి చూడలేదు, బయట కోళ్లను చూశారు. "సరే. ఏం చెప్పమంటావు?"

"సెఫో రోజూ వస్తాడని చెప్పండి. పూచీ నాదని చెప్పండి."

"నువ్వూ వస్తావుగా?"

"రాను."

"నువ్వు రాకుండానా!" ముసలాయన నిజంగానే తెల్లబోయారు. "ఎవరింట్లో పిల్లి ఈనినా వెళ్లి చూసొచ్చేదానివే!"

సాయంత్రం సభ కూర్చుంది. కుటుంబం పందిని కాల్చి తెచ్చి, మా ఊరి క్షమాపణ ఆనవాయితీ ప్రకారం సన్నచాప నెత్తిన కప్పుకుని తప్పు ఒప్పుకుంది. పెద్దలు చాలాసేపు గొణుక్కున్నారు. పాస్టరు గారు, "అరటిచెట్లే గదా, మళ్లీ మొలుస్తాయి" అన్నాక మెత్తబడ్డారు. ఇంకొక్కసారి ఏమైనా జరిగితే మాత్రం మారు మాట లేకుండా ఓడే అన్నారు. మర్నాడు ఓడ పెసమినో లేకుండానే కదిలింది. అనివా రేవుకెళ్లి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

ఇక అక్కణ్ణించి మొదలైంది అసలు శిక్ష. ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు బండి దానంతటదే నెమ్మదించేది. ఆగేది కాదు.

"ఎలా ఉన్నాడు?" అనేది సెఫోతో.

"ఉన్నాడు మేడం."

"నిద్ర?"

"పోతున్నాడు."

"ఇంకా?"

"ఇంకా అంటే?"

"ఏం లేదు. నడుపు."

మధ్యలో ఒక చెడ్డ వారం వచ్చింది. పిలుపు మళ్లీ వినబడింది. సెఫో అతన్ని తన ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాడు. కొంచెం పెంచాలన్నాడు. ఆమె పెంచింది. వెళ్లి చూడాలని ప్రాణం కొట్టుకుంది, వెళ్లలేదు.  ఇతర ఊళ్లలో సెఫోకి మనుషుల్ని అప్పజెప్పడం మొదలుపెట్టింది, ముందు ఇద్దరిని, తరవాత మరికొందరిని. అప్పజెప్పిన ప్రతిసారీ కాలు మరింత ఆడేది.

రొట్టె వేడి పోకముందే తినేయాలనిపించే చల్లటి నెలలు వచ్చాయి. ఒక శనివారం పెసమినో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె ఇంటికొచ్చాడు. మెట్టు కిందే నిలబడ్డాడు.

"అక్కా, రేపు చర్చి అయ్యాక మా ఇంటికి భోజనానికి రా."

వెళ్లింది. ఆకులు కప్పిన కాలిన రాళ్ల పొయ్యి తెరిచి అందరికన్నా ముందు ఆమెకే వడ్డించాడు. చేప తల దగ్గర ముక్క, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కాల్చిన పొట్లం, పెద్ద దుంప. వడ్డించి, పక్కన కూర్చుని, ఆమె పళ్లెం మీద ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతున్నాడు. మధ్యలో అతను కోకో తెచ్చేందుకు వంటపాకకు వెళ్లినప్పుడు లూసియా అతని చెవిలో ఏదో అంది. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. అనివా అటు చూడగానే ఇద్దరూ టక్కున ఆగిపోయారు. లూసియా మొహం ఎర్రబడింది.

అది ఏ నవ్వో అనివాకు తెలుసు. తెలిసి, కళ్లు పళ్లెంలోకి దించుకుంది. కడుపు నిండినట్టయింది, ఇంకా ఏమీ తినకుండానే.

అయినా ఆ నాలుక ఊరుకుంటుందా? మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నాడో, పొద్దున మత్తుగా ఉంటోందో లేదో, దిబ్బ మీంచి ఇప్పుడేమీ వినబడడం లేదు గదా, ఇంకా... ఇంకా... అన్నీ పళ్ల వెనక తోసుకుంటున్నాయి. కాలు చాప మీద టకటక ఆడుతోంది. తిరిగొచ్చి మళ్లీ విసురుతున్న పెసమినో అది గమనించాడు. విసనకర్ర ఆపి, తల ఎత్తి, ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఆమె ప్రశ్న ఏదీ లేకుండా అతను తనంతట తను అలా చూడడం అదే మొదలు.

"ఏంటక్కా? ఏమైనా కావాలా?"

"ఉప్పు" అంది అనివా.

అతను లేచి పరుగున వెళ్లి తెచ్చాడు. చేపలో ఉప్పు సరిపోయే ఉంది. అయినా ఇంకాస్త చల్లుకుని, మధ్యలో లేవకుండా, చివరి ముక్క దాకా తింది.